సరేగారి ఆవూ, సారా సీసా

మా వీధిలో పాలు పోసే సరేగారు తన ఆవుకి సారా పట్టిస్తున్నాడనీ, ఆ మత్తులో అది తూలుతుంటే రెట్టింపు పాలు పిండుకుంటున్నాడనీ ఒక మాట పుట్టింది. పుట్టిన మాట ఊరుకుంటుందా? మూల మలుపు తిరిగి, పెద్ద రోడ్డెక్కి, అవతలి పేట దాకా వెళ్లి, అక్కడ కాస్త ఒళ్లు చేసి మళ్లీ మా వీధికే వచ్చింది. వచ్చేసరికి దూడకి కూడా పట్టిస్తున్నాడట. ఆయనా తాగి ఆ ఆవు పక్కనే పడుకుంటున్నాడట. నిన్న మా మనవరాలు బడి నుంచి వచ్చి, సంచీ కూడా దించకుండా, "నానమ్మా, ఆ ఆవు పాటలు పాడుతుందట కదా" అంది. దాంతో నా ఓపిక అయిపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ ఆవు మూతి పట్టుకున్నది నేను. ఆ సీసాలో ఏముందో వేలు ముంచి నాలిక మీద వేసుకుని చూసింది నేను. చూడనివాళ్లంతా చూసినట్టు చెప్పుకుంటుంటే, చూసినదాన్ని ఇన్నాళ్లూ పెదవి బిగపట్టుకుని తిరగాల్సి వచ్చింది. ఒక మనిషికి మాటిచ్చాను. దానికో గడువుంది. అది మొన్నటితో తీరింది.

సరేగారన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టింది. ఎవరేమడిగినా ఆయన నోట వచ్చేది ఆ ఒక్క మాటే. ఆయనా మా ఆయనా చిన్నప్పుడు ఒకే గోడకి బంతి కొట్టి పెరిగినవాళ్లు, అందుకని నాకు మరిది వరస. వాళ్ల పెరటికీ మా పెరటికీ మధ్య నా భుజాలెత్తు గోడ ఉంది. అటువైపు రేకుల కొట్టం, అందులో ఆవు, దూడ, నీళ్ల తొట్టి, దాణా డ్రమ్ము. ఇటువైపు మేం బట్టలారేసే తీగ. నాకు తెలియకుండా ఆ కొట్టంలో ఏమీ జరగదు. గొప్పకి చెప్పడం లేదు, గోడ అంతే ఎత్తుంది మరి.

కుర్రతనంలో ఆయన బస్సు కండక్టరు. చెయ్యెత్తిన చోటల్లా ఆపించేవాడు, ఎక్కుతామన్న ప్రతివాణ్ణీ ఎక్కించుకునేవాడు. కోళ్ల బుట్టలూ, మంచం కోళ్లూ, ఒకసారి పెళ్లివారి బీరువా కూడా ఎక్కాయని మా ఆయన చెప్పేవారు. ఓ రోజు ఎత్తు ఎక్కలేక బస్సు వెనక్కి జారింది. సగం మందిని దింపెయ్యమని డ్రైవరు అరిస్తే, సరే అన్నాడు. మేం దిగమని జనం అంటే, దానికీ సరే అన్నాడు. చివరికి బస్సే నిర్ణయం తీసుకుంది, పోయి గోతిలో కూర్చుంది. ఎవరికీ ఏమీ కాలేదు, ఈయన ఉద్యోగం తప్ప. అప్పుడు పిల్లనిచ్చిన మామగారు ఓ ఆవునిచ్చి దీంతో బతకమన్నారు. ఆవుకైతే ఎవరూ చెయ్యెత్తరని ఆ పెద్దాయన అనుకుని ఉంటారు. ఆనాటి కండక్టరు తోలుసంచి ఇప్పటికీ ఆయన భుజానే ఉంటుంది. టిక్కెట్ల అరలో ముక్కుపొడుం డబ్బీ, చిల్లర అరలో దూడ పలుపు.

అలాంటి మనిషి ఇన్నేళ్లు పాల వ్యాపారం ఎలా చేశాడని మీకు అనుమానం రావాలి. చేసింది ఆయన కాదు, ఆయన భార్య. నాకు తోడికోడలి వరస. పితకడం ఆయన పని, గుమ్మంలో నిలబడటం ఆవిడ పని. అడిగేవాళ్లు అడగడం పూర్తయ్యేలోపే "లేవు" అనేది. ఎదురుగా గిన్నె నిండా పాలు నురగలు కక్కుతున్నా సరే, "అవి దూడవి" అనేది. ఆవిడని చూసి వీధిలో సగం మంది మొహం ముడుచుకునేవాళ్లు, నాతో సహా. కానీ ఆవు ఒళ్లు నిగనిగలాడుతూ ఉండేది.

ఇలా సాగుతుండగా, దూరాన ఉన్న వాళ్లమ్మాయికి నెలలు నిండాయని కబురొచ్చింది. ఇక్కడ ఆవుకీ నెలలు నిండాయి. తోడికోడలు సంచీ సర్దుకుని, గుమ్మంలో నిలబడి, నేను వింటుండగానే మొగుడికి పాఠం చెప్పింది. ఎవరేమడిగినా లేవు అనాలి, ఆ ఒక్క ముక్క నోటికి పట్టించుకోవాలి. అనమంది. ఆయన బడిపిల్లాడిలా "లేవు" అన్నాడు. మళ్లీ అనమంది. మళ్లీ అన్నాడు. నేను వచ్చేదాకా ఇదే అంటావా అని అడిగింది.

"సరే" అన్నాడు.

ఆవిడ నా వైపు ఒక చూపు చూసి రిక్షా ఎక్కింది.

ఆవు ఈనింది. పెయ్యదూడ. ఆ ఈతకి పాలు చూడాలి, పొదుగు నేలకి తగిలేంత. మొదట వచ్చినవాడు టీ కొట్టాయన. కొట్టు ముందు బల్లలు రెండు పెంచాననీ, ఇంకో క్యాను పొయ్యాలనీ అన్నాడు. సరే. తర్వాత రిటైరైన లెక్కల మాస్టారు, డాక్టరు తనని పాలు ఎక్కువ తాగమన్నాడని. సరే. తర్వాత టైలరమ్మ, చెల్లెలి కుటుంబం వచ్చి ఉందని. ఆ చెల్లెలు వెళ్లిపోయాక కూడా ఆ చెంబు చిన్నదవలేదు. ఒక్కొక్కరు అడిగింది చూస్తే గరిటెడే. అందరి గరిటెలూ ముంచేది మాత్రం ఒక్క ఆవులో. ఉదయం, సాయంత్రం పితికేవాడు కాస్తా మధ్యాహ్నం కూడా బకెట్టు బోర్లించి కూర్చోవడం మొదలుపెట్టాడు. గోడ మీంచి నేను అరిచాను, అదేమన్నా కుళాయి అనుకున్నావా అని. తలూపాడు. ఆయన తలూపడం మీద నాకు నమ్మకం పోయి చాలా ఏళ్లయింది.

కొద్ది వారాలు తిరిగేసరికి ఆవు దాణా మానేసింది. పచ్చగడ్డి వాసన చూసి వదిలేసేది. ఎండుగడ్డి మాత్రం రెండు పోచలు నమిలి, పోయి గోడ నాకుతూ నిలబడేది. వెన్నెముక బయటపడింది. నడిస్తే వెనక కాళ్లు తడబడేవి. అన్నిటికన్నా వింత దాని నోటి వాసన. మాగి మాగి నల్లబడిన పండు తెరిస్తే వస్తుందే, ఆ తీపీ కాని కుళ్లూ కాని ఘాటు. తీగ మీద నా దుప్పట్లకి కూడా పట్టింది. మూతి దగ్గర మూతి పెట్టి రోజంతా కూర్చునే మనిషికి మాత్రం ఏమీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? నలభై ఏళ్లుగా ముక్కుపొడుం దట్టించిన ముక్కది. అందులోకి వాసన వెళ్లాలంటే తలుపు తట్టి, గుర్తింపు కార్డు చూపించాలి.

"మరిదీ, దీని నోరు వాసన కొడుతోందయ్యా" అన్నాను.

"ఆవు వాసనే కదా వదినా" అన్నాడు.

ఇక వీధంతా వైద్యులే. మాస్టారు వచ్చి, చేత్తో ఆవు నుదురు ముట్టుకుని, నీరసం, చక్కెర తగ్గింది, తనకీ ఇలాగే కాళ్లు తడబడితే చక్కెర నోట్లో వేసుకుంటానని తేల్చాడు. నిజానికి జబ్బు పేరు మాస్టారు సరిగ్గానే పట్టాడు, వైద్యమే తలకిందులైంది. టీ కొట్టాయన పెద్ద గిన్నెడు పాకం కాచి తెచ్చాడు. టైలరమ్మ ఇంట్లో ఉన్న చక్కెరంతా తెచ్చింది. వాళ్ల మనసు మంచిదే, నేను కాదనను. సరేగారు అందరికీ సరే అని, అంతా పట్టించాడు. సాయంత్రానికి ఆవు పొట్ట ఉబ్బింది, పేడ నీళ్లలా అయింది, అప్పటిదాకా నమిలే ఆ రెండు పోచలు కూడా మానేసింది.

పశువుల డాక్టరమ్మకి కబురు పెట్టింది నేనే. చిన్న పిల్ల, స్కూటరు మీద బూట్లతో వచ్చింది. వస్తూనే ఆవు నోటి దగ్గర ఒక్కసారి గాలి పీల్చి, పెట్టె తెరిచింది. ఆవు ఉచ్చ పోసేదాకా ఆగి, అందులో చిన్న కాగితం ముక్క ముంచింది. చూస్తుండగా అది ఊదారంగులోకి తిరిగింది. మెడ నరంలోకి సూది గుచ్చి, పైన సీసా తగిలించి, చక్కెర నీళ్లు ఎక్కించడం మొదలుపెట్టింది. మాస్టారు పక్కనుంచి, నేను చెప్పిందీ చక్కెరే కదా అన్నాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి, నోట్లో ఎవరు పోశారని అడిగింది. మాస్టారు రేకుల కప్పు నాణ్యత పరీక్షించసాగాడు.

నాకు తేలనిదే నిద్రపట్టదు. మందు నరంలోకి దిగేదాకా ఆ పిల్ల ఎటూ కదలలేదు కాబట్టి పట్టుకున్నాను. చక్కెర తక్కువైన దానికి చక్కెర పెడితే తప్పేమిటని అడిగాను.

"మనకైతే తప్పు లేదు పెద్దమ్మా. మనం తిన్న తీపి పేగుల్లోంచి రక్తంలోకి పోతుంది. దీని సంగతి వేరు. దీని మొదటి పొట్టలో కంటికి కనపడని జీవాలు కోట్లకొద్దీ కాపురం ఉంటాయి. మీరు గడ్డి వెయ్యండి, గింజ వెయ్యండి, చక్కెర పొయ్యండి, ముందు తినేది అవే. తిని పులియబెట్టి, పులుపు వదుల్తాయి. ఆ పులుపుల్లో ఒకటుంది, అది లివరుకి పోతుంది. లివరు దాన్ని పట్టుకుని చక్కెర చేస్తుంది. ఆవు ఒంట్లో చక్కెర దాదాపు అంతా అలా లివరు వండిందే. బయట నుంచి వచ్చేది లెక్కలోకి రాదు."

"మరి మేం పోసింది?"

"ఆ జీవాలకి విందైంది. ఒక్కసారిగా తిన్నాయి, ఒక్కసారిగా పులిసింది, పొట్ట చెడింది."

ఇంట్లో పొయ్యి ముందు గడిపినదాన్ని కాబట్టి నాకు వంటింటి లెక్కలో చెబితే తప్ప బుర్రకెక్కదు. అందుకని ఆ పిల్లతోనే పేచీ పెట్టుకుని, మాట మాటకీ ఆపి, ఇలా సర్దుకున్నాను. కాలేయం ఇంటి కోడలు. వండి పెట్టేది అదే. పొట్టలోంచి సరుకు వస్తుంటే వండుతుంది. ఈనగానే పొదుగు అనే చుట్టాల మూక దిగుతుంది. పాలలో ఆ తీపి ఎక్కడిదనుకున్నారు, రక్తంలో చక్కెర లాక్కుని చేసుకున్నదే. ఎన్ని చెంబులు పిండితే అంత చక్కెర పోయినట్టు. మంచి ఆవు కాలేయం ఆ సమయంలో రెట్టింపు పని చేస్తుందట. కానీ ఈనిన కొత్తలో పాలు ముందు పెరుగుతాయి, ఆకలి తీరిగ్గా పెరుగుతుంది. సరుకు రాదు, చుట్టాలు లేవరు. అప్పుడు కోడలేం చేస్తుంది? ఒంట్లో కండ కరిగించి దాంతో కొంత వండుతుంది. అదీ చాలదు. పొయ్యి ఆరిపోకుండా ఒంట్లో దాచుకున్న కొవ్వు తెచ్చి మండిస్తుంది. చక్కెర చాలినంత లేనప్పుడు కొవ్వు సరిగ్గా మండదు, తడి కట్టెలా పొగ చిమ్ముతుంది. నా దుప్పట్లకి పట్టిన వాసన ఆ పొగే. మండకుండా మిగిలిన కొవ్వు వంటింట్లోనే పేరుకుంటుంది.

"పేరుకుంటే ఏమవుతుంది?" అన్నాను.

"వంటిల్లే మూతపడుతుంది పెద్దమ్మా. తర్వాత నేనొచ్చినా లాభం లేదు" అంది ఆ పిల్ల, నా లెక్కలోనే.

అప్పటిదాకా దూడ మెడ నిమురుతూ నిలబడ్డ సరేగారి చెయ్యి ఆగింది. అది నేను చూశాను.

డాక్టరమ్మ రెండు పనులు చెప్పింది. ఒకటి, ఒక డబ్బా ఇచ్చింది, జిగురుగా, తియ్యగా, నీళ్ల రంగులో ఉండే మందు. అది చాలావరకు పొట్టలో జీవాలకి చిక్కకుండా కాలేయం చేరి చక్కెరగా మారుతుందట. రోజూ పట్టించాలి, పొడుగు మెడ సీసాతో, దవడ పక్కనుంచి, గుటక గుటకకీ ఆగుతూ. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండోది, నరంలో ఎక్కించింది ఓ పూటకి ఆసరా, అంతే. పొదుగు లాగడం తగ్గకపోతే ఇదంతా చిల్లుకుండలో పోసినట్టే. కాబట్టి కోలుకునేదాకా రోజుకి ఒక్కసారే పితకాలి, అదీ సగం, మిగతాది పొదుగులోనే వదిలెయ్యాలి. ఇలా చెయ్యకపోతే ఇది లేవదు అని ఆయన మొహంలోకి చూసి మరీ చెప్పింది.

"సరే అమ్మా" అన్నాడు.

పొడుగు మెడ సీసా ఎక్కడిది? వెనకటి అద్దెవాళ్లు అటక మీద వదిలేసి పోయిన సారా సీసాలున్నాయి. ఒకటి దించి, వేణ్ణీళ్లతో కడిగి, అందులోకి మందు వంపాడు. సీసా మీది కాగితం మాత్రం సగం ఊడి సగం మిగిలింది. నేను ఆవు మూతి ఎత్తి పట్టుకున్నాను, ఆయన పోశాడు. వేలితో నాకి చూశాను, తీపి, వెనకాల కాస్త చేదు. సారా అంటున్నవాళ్లు వచ్చి నాకమనండి, ఆ డబ్బా అడుగున ఇంకా కొంచెం ఉంది.

మర్నాడు పొద్దున్నే టీ కొట్టాయన క్యాను తెచ్చాడు. నేను బట్టలారేస్తూ చెవి అటు వేశాను. ఆవుకి బాగా లేదట కదా పాపం అన్నాడు. ఔనన్నాడు సరేగారు. అయితే మామూలు కంటే కాస్త తగ్గించి పొయ్యి అన్నాడు. సరే అన్నాడు. మాస్టారు వచ్చాడు, తనకి కొంచెమే అన్నాడు. టైలరమ్మ వచ్చింది, అడుగున ఉన్నా చాలంది. అందరూ ఆవు మీద జాలిపడ్డారు, అందరూ చెంబులు చాపారు. డాక్టరమ్మకీ సరే, వీళ్లకీ సరే. అచ్చం ఆ బస్సు మళ్లీ ఎత్తెక్కుతోంది.

గుమ్మంలో నేను నిలబడతానని పోయి నిలబడ్డాను. ఒక పూట గడిచింది. మధ్యాహ్నం కొట్టం వెనక సందులోంచి చెంబు చప్పుడు వినపడితే వెళ్లి చూశాను. టైలరమ్మ సందులో, ఈయన ఇటు, మధ్యలో కంచె మీంచి పాలు. పట్టుకున్నందుకు ఆవిడ సిగ్గుపడింది, ఈయన కూడా సిగ్గుపడ్డాడు. తలకొట్టుకోవాల్సింది మాత్రం నేను.

"ఏమయ్యా, ఆ నోటికి లేవు అనే ముక్క పలకదా? పెళ్లాం నేర్పించి పోయిందే, అది కూడా సంచీలో సర్దుకుని పట్టుకుపోయిందా?"

"చెంబు పట్టుకుని అలా నిలబడితే ఎలా అనను వదినా" అన్నాడు.

ఆ మర్నాడు పొద్దున ఆవు లేవలేదు. మెడ పక్కకి తిప్పి, తల పొట్ట మీద పెట్టుకుని పడుకుంది. దూడ పోయి మూతితో పొడిచినా చూడలేదు. డాక్టరమ్మ వచ్చింది, పొదుగు తడిమింది, ఖాళీ. ఎన్నిసార్లు పితికావని అడిగితే ఈయన నేల చూశాడు. ఆ పిల్ల కోపంలో గొంతు పెంచలేదు, అదే నాకు భయం వేసింది. మళ్లీ నరానికి సీసా కట్టి, తను చెయ్యగలిగింది ఇదొక్కటేననీ, తక్కినది ఈ ఇంటి గుమ్మంలో జరగాలనీ చెప్పి స్కూటరెక్కింది. ఆయన చాలాసేపు ఆవు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పొడుం డబ్బీ తీశాడు, మూత తెరవకుండానే మళ్లీ సంచీలో పెట్టేశాడు.

సరిగ్గా అప్పుడే పుట్టింది ఈ మాట. ఒక్క రోజులో గుమ్మం ఖాళీ. టీ కొట్టాయన ప్యాకెట్ పాలకి మారాడు. మాస్టారు పాలు తనకి అసలు పడవని కనిపెట్టాడు. టైలరమ్మ సందు వైపు కాదు, మా వీధి వైపే చూడటం మానేసింది. పిల్లలున్నవాళ్లయితే ఇంకా దూరం, సారా తాగిన ఆవు పాలు పిల్లలకెలా పోస్తాం అని. వాళ్ల కళ్లకి ఆధారాలు కూడా ఉన్నాయి మరి. ఆవు తూలడం చూశారు, పులిసిన వాసన పీల్చారు, కాగితం ఊడని సీసా దాని నోట్లో చూశారు. ఇంకేం కావాలి?

అడిగేవాళ్లు లేకపోతే పితికేదెవరికి? రోజుకి ఒక్కసారి, అదీ సగం. ఆ పాలు దూడకి. మందు రోజూ పట్టాం. కొన్నాళ్లకి ఆవు లేచి నిలబడింది. ఇంకొన్నాళ్లకి దాణా తొట్టిలో మూతి పెట్టింది. నా దుప్పట్లకి సబ్బు వాసన తిరిగొచ్చింది. ఓ మధ్యాహ్నం గోడ మీంచి చూస్తే, కళ్లు అరమూసుకుని తీరిగ్గా నెమరు వేస్తోంది. డాక్టరమ్మ వచ్చి కాగితం ముంచితే రంగు తిరగలేదు.

ఆవు బాగైంది, నా కడుపుమంట మాత్రం తగ్గలేదు. ఆ మనిషి మీద అంత నింద వేసినవాడెవడు? ఆయన్ని అడిగితే పోనిద్దూ అంటాడు. నేను పోనివ్వను. టైలరమ్మ దగ్గరికి వెళ్లాను. మాస్టారు చెప్పారంది. మాస్టారి దగ్గరికి వెళ్లాను. తను ఎప్పుడూ ఆధారం లేనిదే మాట్లాడననీ, ఆధారం టీ కొట్టాయననీ చెప్పాడు. టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ, నా వైపు చూడకుండా, తను విన్నదే చెప్పాననీ, కల్పించలేదనీ, అంతకుమించి తనని అడగొద్దనీ అన్నాడు. ఎవరి నోట విన్నావంటే కడిగిన గ్లాసే మళ్లీ కడిగాడు. అప్పుడు నాకు తట్టింది. దీంతో బాగుపడ్డది ఎవరు? ప్యాకెట్ పాల వ్యానువాడు.

వాడి వ్యాను ఆపి, వీధి వినేలా నాలుగు దులిపాను. వాడు అంతా విని, మెల్లిగా, "పెద్దమ్మగారూ, నా పాలల్లో సున్నం కలుస్తుందని రెండేళ్లుగా మీరే కదా అందరికీ చెబుతున్నారు. నేనెప్పుడన్నా ఎదురు చెప్పానా? అలాంటివాణ్ణి ఆవు మీద మాటలు పుట్టిస్తానా?" అన్నాడు. వాడి కళ్లల్లో నిజంగానే నొప్పి కనిపించింది. ఒక ప్యాకెట్ కొనుక్కుని వచ్చేశాను.

ప్యాకెట్ చేతిలో పట్టుకునే నేరుగా కొట్టంలోకి వెళ్లాను. ఆయన బకెట్టు బోర్లించుకుని, ఆవు గంగడోలు నిమురుతున్నాడు. అది మెడ ఇంకాస్త చాపి ఇస్తోంది. వీధంతా తిరిగొచ్చాననీ, ప్రతివాడూ ఇంకొకడి మీదికి తోస్తున్నాడనీ, ఈ మాట ఎవడు పుట్టించాడో తనకి తెలిసే ఉంటుందనీ అన్నాను.

"పోనిద్దూ వదినా."

"పోనివ్వను. తాగుబోతువన్నారు, ఆవుని చంపుతున్నావన్నారు. నీకు కోపం రావడం లేదు, నాకొస్తోంది. సూటిగా అడుగుతున్నాను, మరిదీ. ఎవరు పుట్టించారు?"

ఆయన చెయ్యి ఆవు మెడ మీదే ఉంచి, నా చేతిలో ప్యాకెట్ వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు.

"నేనే, వదినా. ఆవు పడిపోయిన రోజు మధ్యాహ్నం టీ కొట్టాయన క్యాను పట్టుకునే వచ్చాడు. నేను సీసాతో ఉన్నాను. అదేంటి, సారా పోస్తున్నావా అని నవ్వుతూ అడిగాడు. లేవు అనడానికి అప్పటిదాకా ఎంత ప్రయత్నం చేశానో, నోరు తిరగలేదు. ఔను అనడం నాకు వచ్చు కదా, ఔనన్నాను. రోజూ పోస్తావా అన్నాడు. ఔనన్నాను. క్యాను ఖాళీగా పట్టుకుపోయాడు. ఇంక నేనెవరికీ ఏమీ చెప్పే పని లేకపోయింది. నువ్వు ఇప్పుడే దీన్ని సరిచెయ్యకు. మీ తోడికోడలు వచ్చేదాకా అలాగే ఉండనియ్యి. ఆవిడ వచ్చాక వీధంతా తిరిగి చెప్పుకో, అప్పుడు గుమ్మంలో ఆవిడుంటుంది."